మీనమైత్రి

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటిలో గాజుతొట్టిని అమర్చి, అందులో రంగురంగుల చేపలను పెంచడం నేడు పట్టణాలలోనే కాక పల్లెలలోనూ కనిపిస్తున్న అభిరుచి. చేపలను ఎంచుకొనేటప్పుడు కంటికి నచ్చిన అందం ఒక్కటే చాలదనీ, ఏ చేప ఏ చేపతో కలిసి బ్రతకగలదో ముందుగా తెలిసి ఉండాలనీ వివరించడం ఈ పాఠం ఉద్దేశం. దయకు జ్ఞానం తోడైనప్పుడే అది ఉపకారమవుతుందని విద్యార్థులు దీని ద్వారా గ్రహించాలి.

పాఠ్యభాగం

బమ్మెర పోతన రచించిన ఆంధ్ర మహాభాగవతం అష్టమ స్కంధంలో మత్స్యావతార కథ ఉన్నది. ద్రవిడ దేశాన్ని పాలించే సత్యవ్రతుడనే రాజు కృతమాలికా నదిలో తర్పణం విడుస్తుండగా ఒక చిన్న చేపపిల్ల అతని దోసిటిలోకి వచ్చింది. రాజు దానిని తిరిగి నీటిలో విడువబోగా ఆ చేపపిల్ల, ఏటిలోని పెద్ద చేపలు తనను మింగివేస్తాయని, తనను కాపాడుమని వేడుకున్నది. రాజు జాలిపడి దానిని కమండలువులో ఉంచి ఇంటికి తెచ్చాడు. తెల్లవారేసరికి కమండలువు దానికి చాలలేదు. పెద్ద పాత్రలో వేస్తే పాత్ర చాలలేదు. కొలనులో వేస్తే కొలను చాలలేదు. చివరకు దానిని సముద్రంలో విడువవలసి వచ్చింది.

ఈ కథలోని దైవలీలను అటుంచి, అందులోని లోకజ్ఞానాన్ని మాత్రం గమనించండి. చేపపిల్లకు రెండు భయాలు ఉన్నాయి. ఒకటి, తోడి చేపలు తనను తింటాయేమోనన్న భయం. రెండవది, తానున్న పాత్ర తనకు చాలకపోవడం. నేడు మన ఇండ్లలోని గాజుతొట్టెలలో పెరిగే చేపలకు ఉన్న కష్టాలు కూడా ముఖ్యంగా ఈ రెండే. పెద్ద చేప చిన్న చేపను మింగడాన్ని మన పెద్దలు ‘మత్స్యన్యాయం’ అన్నారు. బలవంతుడు బలహీనుణ్ణి పీడించే ప్రతి చోటా ఈ మాటను వాడుతున్నాం. అయితే ఏటిలోని చిన్న చేపకు పారిపోవడానికి తావు ఉన్నది, దాగడానికి నాచు ఉన్నది. గాజుతొట్టిలోని చేపకు ఆ రెండూ లేవు. దాని ఇరుగుపొరుగును నిర్ణయించేది మనమే.

గాజుతొట్టి పుట్టుక

చేపలను అలంకారానికి పెంచడం కొత్త విషయమేమీ కాదు. చైనీయులు సుమారు వేయి సంవత్సరాల క్రితమే బంగారుచేపలను పెంచి, వాటిలో రంగురంగుల జాతులను సాధించారు. కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథంలో మత్స్యవినోదానికి ప్రత్యేకంగా ఒక ప్రకరణమే ఉన్నది. పలు జాతుల చేపలను, వాటికి వేయవలసిన ఎరలను అందులో వివరించాడు.

గాజుపలకల మధ్య చేపలను దీర్ఘకాలం బ్రతికించే పద్ధతి మాత్రం 19వ శతాబ్దంలో ఇంగ్లండులో రూపుదిద్దుకున్నది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగాన్ని ప్రకటించాడు. గాజుపాత్రలో రెండు బంగారుచేపలను, ఒక నీటిమొక్కను ఉంచాడు. మొక్క ఇచ్చిన ప్రాణవాయువుతో చేపలు బ్రతికాయి. కాని కుళ్ళిన ఆకులతో నీరు మురికి కాసాగింది. అప్పుడతడు అందులో కొన్ని నత్తలను వదిలాడు. అవి కుళ్ళిన ఆకులను తిన్నాయి, నీరు తేటపడింది. మూడు రకాల జీవులు ఒకదానికొకటి ఆధారమైనప్పుడే ఆ చిన్న జలలోకం నిలిచింది. 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల శాల తెరువబడింది. మరుసటి సంవత్సరం ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన గ్రంథంతో ‘అక్వేరియం’ అన్న మాట లోకమంతటా వ్యాపించింది. గాజుతొట్టి పుట్టుకలోనే సహజీవనమనే సూత్రం ఇమిడి ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

నేను చేసిన పొరపాటు

ఈ సూత్రం నాకు పుస్తకాలలో కాక అనుభవంలో బోధపడింది. కొన్ని సంవత్సరాల క్రితం మా చిన్నమ్మాయి ముచ్చటపడిందని కామారెడ్డి నుండి రెండడుగుల గాజుతొట్టిని తెచ్చాను. అదే రోజున బోరునీటితో నింపాను. అదే సాయంకాలం రెండు బంగారుచేపలు, నాలుగు టైగర్ బార్బ్‌లు, పొడవైన తోకలున్న నాలుగు గప్పీలు, అద్దాన్ని అంటుకొని నాచును తినే ఒక సక్కర్ చేప అందులో చేరాయి. ఇంటికి వచ్చిన వారందరూ ‘ఎంత అందంగా ఉన్నాయో!’ అన్నారు.

మూడవనాటికి గప్పీల తోకలు చీలికలై కనిపించాయి. టైగర్ బార్బ్‌లు వాటిని వెంటాడి కొరుకుతున్నాయి. ఆరవనాటికి బంగారుచేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి ఆయాసపడసాగాయి. పదవనాటికి గప్పీలలో ఒక్కటీ మిగలలేదు, బంగారుచేపలలో ఒకటి పోయింది. మా అమ్మాయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ‘నాన్నా, అవి మన ఇంటికి రాకపోతే బ్రతికేవి కదా!’ అన్న ఆమె మాటకు నా వద్ద సమాధానం లేదు.

సక్కర్ చేప మాత్రం బ్రతికింది. బ్రతకడమే కాదు, పెరిగింది. బొటనవ్రేలంత ఉన్నది రెండేళ్ళు గడిచేసరికి మూరెడు పొడవుకు దగ్గరపడింది. రెండడుగుల తొట్టిలో అది వెనుదిరగడానికే కష్టపడుతుంటే చూడలేకపోయాను. సత్యవ్రతుని కథ గుర్తుకు వచ్చింది. దానిని బకెట్టులో వేసుకొని పోచారం చెరువుకు బయలుదేరాను. పుణ్యకార్యం చేస్తున్నానన్న తృప్తి కూడా నాలో లేకపోలేదు.

పోచారం కట్టమీద

నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం జలాశయం 1916 – 1922 సంవత్సరాల మధ్య నిజాం పాలనలో నిర్మింపబడింది. మంజీరకు ఉపనది అయిన ఆలేరు వాగుకు అడ్డుగా కట్టిన ఈ జలాశయం మండలంలోని పొలాలకు నీటినిస్తున్నది, మత్స్యకారులకు బ్రతుకుతెరువు చూపుతున్నది. ఒకప్పుడు నిజామాబాదు జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు నుండి కామారెడ్డి జిల్లాలో ఉన్నది.

కట్ట మీద వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధ మత్స్యకారుడు నన్ను పలుకరించాడు.

‘‘బకెట్ల ఏం దెచ్చిండ్రు సారూ?’’

‘‘చేప, పెద్దయ్యా. ఇంట్లో తొట్టి దీనికి చాలడం లేదు. చెరువులో విడిచిపెడదామని తెచ్చాను.’’

ఆయన లేచి వచ్చి బకెట్టులోకి చూశాడు. ముఖం గంభీరమైంది.

‘‘గిది మన చేప గాదు సారూ. వీపంత ముండ్లే. కిష్ణ ఒడ్డుకున్న మా సుట్టపోల్లు చెప్పిండ్రు, గిసుంటియి వలల వడి వలలే చినుగుతున్నయంట. తినెటోడు లేడు, కొనెటోడు లేడు. గీడ ఇడిస్తే మా కడుపు మీద కొట్టినట్టే.’’

నేను సిగ్గుపడ్డాను. ఆ సిగ్గును కప్పిపుచ్చుకోవడానికి అడిగాను: ‘‘మరి మీరు ఏటేటా ఇన్ని వేల పిల్లలను వదులుతారు కదా. అవన్నీ కలిసి ఎట్లా బ్రతుకుతున్నాయి?’’

ఆయన నవ్వాడు. ‘‘ఏది ఏడ తింటదో ఎరికుండి ఏస్తం సారూ. బొచ్చె మీదికెల్లి తింటది. రవ్వు నడిమిట్ల తింటది. మోసు అడుగుకు వోయి తింటది. ఒగదాని బువ్వ ఇంకొకటి ముట్టది. గా పిల్లలల్ల కొర్రమట్టను ఏస్తే మాత్రం లెక్క తప్పుతది.’’

బొచ్చెను కట్ల అని, రవ్వును రోహు అని, మోసును మృగాల అని శాస్త్రజ్ఞులు వ్యవహరిస్తారు. కట్ల నీటి పైభాగంలో తేలే సూక్ష్మజీవులను తింటుంది. రోహు మధ్యభాగంలోని నాచును, మొక్కల తునకలను తింటుంది. మృగాల అడుగున పేరుకున్న కుళ్ళిన పదార్థాన్ని తింటుంది. ఒకే చెరువులో మూడు అంతస్తులలో మూడు కుటుంబాలు నివసిస్తున్నట్లన్నమాట. దీనినే మిశ్రమ చేపల పెంపకం అంటారు. కొర్రమీను సంగతి వేరు. తెలంగాణ రాష్ట్ర చేపగా 2016లో గుర్తింపు పొందిన ఈ మీను మాంసాహారి. తనకంటె చిన్నవైన చేపలను మింగుతుంది, తన జాతి పిల్లలను సైతం విడువదు.

ఒకప్పుడు చేపపిల్లలను ఏరులనుండి పట్టి తెచ్చేవారు. వాటిలో పెంచదగినవి, తోటి వాటిని మింగేవి కలగలిసి ఉండేవి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి మొదలైన శాస్త్రజ్ఞులు పీయూష గ్రంథి సారాన్ని ఎక్కించి మన కార్పు చేపల చేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. అప్పటి నుండి కోరిన జాతి పిల్లలను విడివిడిగా పొందడం సాధ్యమైంది. ఆ జ్ఞాపకార్థమే జూలై 10ని జాతీయ మత్స్యరైతుల దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఎంచుకొనే అవకాశం కలిగిన తరువాతనే మిశ్రమ పెంపకం దేశమంతటా వ్యాపించింది.

ఆ రోజు నేను బకెట్టుతో ఇంటికి తిరిగి వచ్చాను. జంతుశాస్త్రం బోధించే ఒక మిత్రుని ఇంట పెద్ద తొట్టి ఉంటే ఆ చేపను అక్కడకు చేర్చాను. కట్ట మీద విన్న నాలుగు మాటలను గాజుతొట్టికి అన్వయించుకొని, ఆ మిత్రుని సాయంతో తెలుసుకున్న విషయాలే ఇక ముందు చెప్పబోతున్నవి.

అయిదు పరీక్షలు

ఒక చేప మరొక చేపతో కలిసి బ్రతకగలదా అని తెలుసుకోవడానికి అయిదు విషయాలను పరీక్షించాలి.

మొదటిది నీరు. మన ప్రాంతపు బోరునీరు రాళ్ళ పొరల గుండా ఊరి వస్తుంది. కాబట్టి అందులో కాల్షియం, మెగ్నీషియం లవణాలు తరచుగా ఎక్కువగా ఉంటాయి. నీరు కాచిన పాత్రల అడుగున పేరుకొనే తెల్లని పొర దీనికి సాక్ష్యం. ఇటువంటి కఠినజలం గప్పీ, ప్లాటీ, మోలీ చేపలకు హితకరం. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ఉపనదుల నుండి వచ్చిన నియాన్ టెట్రాకు ఆమ్లగుణం కలిగిన మృదుజలం కావాలి. అందమైనవని ఈ రెండు వర్గాలను ఒకే తొట్టిలో ఉంచితే ఏదో ఒక వర్గం నిత్యం బాధపడుతూనే ఉంటుంది. నీటిని చేపకు తగినట్లు మార్చడం కష్టం. నీటికి తగిన చేపను తెచ్చుకోవడం సులభం.

రెండవది ఉష్ణోగ్రత. బంగారుచేప చల్లని నీటి చేప. 18 నుండి 22 డిగ్రీల సెల్సియస్ వేడి దానికి అనుకూలం. ఉష్ణదేశాల చేపలలో చాలావాటికి 24 నుండి 28 డిగ్రీలు కావాలి. అందువల్ల ఈ రెండింటి పొత్తు కుదరదు. వేసవిలో మన గదులలోని నీరు బాగా వేడెక్కుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడితే, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములే ఇముడుతుంది. కనుక మండువేసవిలో తొట్టిని కిటికీ ఎండకు దూరంగా ఉంచడం, గాలి పంపును ఆపకుండా నడపడం అత్యవసరం.

మూడవది పరిమాణం. దుకాణంలో కనిపించే చేప సాధారణంగా పిల్ల మాత్రమే. అది ఎంత పెరుగుతుందో అడిగి తెలుసుకోవాలి. సిల్వర్ షార్క్, ఆస్కార్, సక్కర్ చేపలు అడుగుకు పైగా పెరుగగలవు. చేప నోటిలో పట్టే ప్రతి చిన్న చేపా దానికి ఆహారమే. ఏంజెల్ చేపపిల్లలు, నియాన్ టెట్రాలు ఒకే తొట్టిలో కొన్ని నెలలు సఖ్యంగా ఉన్నట్లే కనిపిస్తాయి. ఏంజెల్ చేపలు పెద్దవయ్యాక ఒక్కొక్క టెట్రా మాయమవుతుంది. ఇందులో ఏంజెల్ చేప దోషమేమీ లేదు. ఆకలి దాని స్వభావం. దోషం కూర్చినవారిది.

నాలుగవది స్వభావం. కొన్ని చేపలు గుంపుగా తిరుగుతాయి. జీబ్రా డానియో, టెట్రా వంటివి కనీసం ఆరు ఉంటేనే నిర్భయంగా ఉంటాయి. ఒక్కదానిని తెస్తే అది మూలన దాగి కృశిస్తుంది. టైగర్ బార్బ్‌లు ఎనిమిదికి పైగా ఉంటే తమలో తామే తగవులాడుకుంటాయి. తక్కువగా ఉంటే ఇతర చేపల మీదికి పోతాయి. మా ఇంటిలో జరిగినది ఇదే. అంతమాత్రాన గుంపును పెంచి పొడుగు తోకల గప్పీలను వాటితో చేర్చరాదు. సయాం దేశం, అనగా నేటి థాయిలాండు నుండి వచ్చిన బెట్టా మగచేపలు రెండు ఒకచోట ఉంటే ప్రాణాలు పోయే వరకు పోరాడవచ్చు. గప్పీల రంగు తోకలను చూసి అవి కూడా పోటీకి వచ్చిన మగచేపలే అని బెట్టా భ్రమపడుతుంది. గప్పీ, ప్లాటీలలో మగవి ఆడవాటిని విడువక వేధిస్తాయి. కాబట్టి ఒక మగ చేపకు రెండు మూడు ఆడ చేపలు ఉండాలి. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లలనే కంటాయి. దాగడానికి దట్టమైన మొక్కలు లేకపోతే తల్లి చేపే పిల్లలను తినివేస్తుంది.

అయిదవది స్థానం. చెరువులో బొచ్చె, రవ్వు, మోసు మూడు అంతస్తులను పంచుకొన్నట్లే గాజుతొట్టిలోనూ పైన, నడుమ, అడుగున తిరిగే చేపలు ఉన్నాయి. జీబ్రా డానియోలు ఎక్కువగా పైభాగంలో పరుగులు తీస్తాయి. ప్లాటీలు నడుమ తిరుగుతాయి. కోరీడోరస్ చేపలు ఇసుకను మీసాలతో తడుముతూ అడుగున మెలగుతాయి. అన్నీ ఒకే అంతస్తులో చేరితే తావు కోసం, మేత కోసం కలహం తప్పదు. అయితే అడుగు చేపలు పై చేపల ఎంగిలితోనే బ్రతుకుతాయనుకోవడం పొరపాటు. వాటికి మునిగే మేతను విడిగా వేయాలి.

కంటికి కనిపించని తోడు

చేపలతో పాటు తొట్టిలో ఉండవలసిన మరొక జీవరాశి ఉన్నది. అది కంటికి కనిపించని బాక్టీరియా. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విడుస్తాయి. మిగిలిన మేత కుళ్ళినప్పుడు కూడా అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరొక రకం దానిని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల కలిగే హాని చాలా తక్కువ. ఈ బాక్టీరియా ఫిల్టరులోను, అడుగు రాళ్ళమీద తగినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. నీరు నింపిన రోజే పదకొండు చేపలను వదిలిన నా తొట్టిలో ఈ తోడు లేదు. బంగారుచేపల ఆయాసానికి ముఖ్య కారణం అదే.

కాబట్టి తొట్టి సిద్ధమైన తరువాత కొన్ని వారాలు ఓపిక పట్టాలి. ఫిల్టరును నడుపుతూ రోజూ చిటికెడు మేత వేస్తే అది కుళ్ళి బాక్టీరియాకు ఆహారమవుతుంది. అమ్మోనియాను, నైట్రైట్‌ను పరీక్షించే ద్రావకాలు దుకాణాలలో దొరుకుతాయి. అవి రెండూ లేవని తేలిన తరువాత ముందుగా రెండు మూడు చేపలను, వారం పది రోజుల తరువాత మరికొన్నింటిని చేర్చాలి. వారానికొకసారి నాలుగవ వంతు నీటిని మాత్రమే మార్చాలి. నీరంతా పారబోసి, ఫిల్టరును కుళాయి క్రింద తోమి కడిగితే ఆ బాక్టీరియా నశిస్తుంది. కుళాయి నీటిలోని క్లోరిన్ కూడా చేపలకు హానికరం. దానిని తొలగించే మందును తగిన పాళ్ళలో కలిపిన తరువాతనే ఆ నీటిని వాడాలి.

ఒక చిన్న కూర్పు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 54 లీటర్ల నీరు పడుతుంది. అడుగున రాళ్ళు వేసి, పైన కొంత వెలితి వదిలితే మిగిలేది 45 లీటర్లు. మన ప్రాంతపు కఠినజలానికి తగిన ఒక కూర్పు ఇది: ఆరు జీబ్రా డానియోలు, నాలుగు ప్లాటీలు, కొన్ని నత్తలు, దట్టంగా నాటిన నీటిమొక్కలు. ప్లాటీలలో మగది ఒకటి, ఆడవి మూడు ఉండాలి. రెండు జాతులూ శాంతస్వభావం కలవి. రెండు అంగుళాలకు కొంచెం అటూ ఇటూగా పెరుగుతాయి. జీబ్రా డానియో మన భారత ఉపఖండపు చేపే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలపై ప్రకటించిన గ్రంథంలో దీనిని వర్ణించాడు. చలికీ వేడికీ ఓర్చుకోగలది కనుక మన వాతావరణానికి సరిపోతుంది. ప్లాటీలు పిల్లలను పెడతాయి కాబట్టి తొట్టి నిండకముందే ఆ పిల్లలను ఎవరికి ఇవ్వాలో కూడా ఆలోచించి ఉంచుకోవాలి.

ఒంటరిగానే ఉంచవలసిన చేపలు కొన్ని ఉన్నాయి. మగ బెట్టా ఒకటి. అదృష్టం తెస్తుందన్న నమ్మకంతో చాలా మంది కొనే ఫ్లవర్ హార్న్ మరొకటి. ఇది ఏ నదిలోనూ పుట్టినది కాదు. 1990 దశకంలో మలేషియాలో పలు జాతులను సంకరం చేసి సృష్టించినది. తనతో ఉన్న దేనినైనా వెంటాడి కొడుతుంది. అటువంటి దానిని చిన్న తొట్టిలో బంధించి అదృష్టాన్ని ఆశించడం ఎంతవరకు సమంజసమో మీరే ఆలోచించండి.

చెరువులో విడువరాదు

చివరి మాట, అన్నింటికంటె ముఖ్యమైన మాట. తొట్టిలో పెంచిన చేపను ఏ పరిస్థితిలోనూ చెరువులో, వాగులో, బావిలో విడువరాదు. దక్షిణ అమెరికాకు చెందిన సక్కర్ చేప ఇట్లాగే అభిరుచిపరుల తొట్టెల నుండి మన నీళ్ళలోకి చేరింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నీటివనరులలో అది కనిపించింది. గట్లలో బొరియలు చేస్తుంది. దాని ముండ్లకు వలలు చినుగుతాయి. నీరు లేకున్నా కొన్ని గంటలు బ్రతుకగలదు. దీనికి డెవిల్ ఫిష్, అనగా దెయ్యపు చేప అన్న పేరు వచ్చింది. ఒక జలాశయంలో ఒకసారి స్థిరపడిన తరువాత దానిని పూర్తిగా తొలగించడం దాదాపు అసాధ్యం. పెంచలేని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వాలి, లేదా పెద్ద తొట్టి ఉన్న వారికి అప్పగించాలి.

భారత కథలలోని దీర్ఘదర్శి, ప్రాప్తకాలజ్ఞుడు, దీర్ఘసూత్రుడు అనే మూడు చేపలను మీరు ఎరుగుదురు. చెరువు ఎండిపోకముందే ఆలోచించిన దీర్ఘదర్శి సుఖపడింది. రేపు చూద్దామనుకున్న దీర్ఘసూత్రుడు వలలో పడింది. గాజుతొట్టిలోని చేప దీర్ఘదర్శి కాలేదు. దాని బదులు మనమే దీర్ఘదర్శులం కావాలి.

ఇప్పుడు మా ఇంట అదే రెండడుగుల తొట్టి ఉన్నది. అందులో ఆరు జీబ్రాలు, నాలుగు ప్లాటీలు తిరుగుతున్నాయి. వాటిని కొనేముందు నీరు నింపి ఆరు వారాలు ఖాళీ తొట్టినే చూస్తూ కూర్చున్నాం. ‘చేపలు లేని తొట్టి ఏమిటి మాస్టారూ?’ అని ఇరుగుపొరుగు నవ్వారు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆ ఆరు వారాలూ క్యాలెండరులో గీతలు గీసింది ఆమెయే.

కఠిన పదాలు – అర్థాలు

తర్పణం = దేవతలకు, పితృదేవతలకు నీరు విడవడం
కమండలువు = మునులు నీరు ఉంచుకొనే పాత్ర
ప్రకరణం = గ్రంథంలోని ఒక భాగం
అన్వయించు = ఒక విషయాన్ని మరొకదానికి వర్తింపజేయు
హితకరం = మేలు చేసేది
కృశించు = చిక్కిపోవు
సంకరం = వేరు వేరు జాతుల కలయిక
సమంజసం = తగినది
ఎరిక (తెలంగాణ వాడుక) = తెలియడం
గిసుంటియి (తెలంగాణ వాడుక) = ఇటువంటివి

అభ్యాసాలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. చేపలు కలిసి బ్రతకడానికి పరీక్షించవలసిన అయిదు విషయాలను వివరించండి.
2. పోచారం కట్ట మీద జరిగిన సంభాషణ ద్వారా రచయిత ఏమి గ్రహించాడు?

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. సత్యవ్రతుని కథలోని చేపకు కలిగిన రెండు భయాలు ఏవి?
2. వారింగ్టన్ ప్రయోగాన్ని వివరించండి.
3. మిశ్రమ చేపల పెంపకం అంటే ఏమిటి?
4. కొత్త తొట్టిలో వెంటనే చేపలను ఎందుకు వదలకూడదు?

III. సందర్భసహిత వ్యాఖ్యలు

1. ‘నాన్నా, అవి మన ఇంటికి రాకపోతే బ్రతికేవి కదా!’
2. ‘గీడ ఇడిస్తే మా కడుపు మీద కొట్టినట్టే.’
3. ‘దోషం కూర్చినవారిది.’

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. మత్స్యావతార కథ ఆంధ్ర మహాభాగవతంలో ఏ స్కంధంలో ఉన్నది?
2. పోచారం జలాశయం ఏ వాగుపై నిర్మింపబడింది?
3. తెలంగాణ రాష్ట్ర చేప ఏది?
4. జాతీయ మత్స్యరైతుల దినోత్సవాన్ని ఏ రోజున జరుపుకొంటారు?

V. భాషాంశాలు

సంధులు:
మత్స్య + అవతారం = మత్స్యావతారం – సవర్ణదీర్ఘ సంధి
జల + ఆశయం = జలాశయం – సవర్ణదీర్ఘ సంధి
అతి + అవసరం = అత్యవసరం – యణాదేశ సంధి
రెండు + అడుగులు = రెండడుగులు – ఉత్వ సంధి

సమాసాలు:
మీనమైత్రి = మీనముల యొక్క మైత్రి – షష్ఠీ తత్పురుష సమాసం
మృదుజలం = మృదువైన జలం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
ఇరుగుపొరుగు = ఇరుగు మరియు పొరుగు – ద్వంద్వ సమాసం

VI. ప్రాజెక్టు పని

మీ ఊరి చెరువులో పెరిగే చేపల పేర్లను మత్స్యకారులను అడిగి సేకరించండి. అవి ఏ లోతులో, ఏమి తిని బ్రతుకుతాయో పట్టికగా వ్రాయండి. వారు చెప్పిన పేర్లను వారి ఉచ్చారణలోనే నమోదు చేయండి.